వాజిబు ధర

గన్‌ఫౌండ్రీలో మా దుకాణానికి బోర్డు ఊడి ఆరేళ్లయింది.
మెట్లెక్కితే నూనె వాసనే చిరునామా.

పదకొండింటికి నూర్‌ఖాన్ బజార్ నుంచి
ఖుర్షీద్ జహాఁ బేగం వచ్చింది.
పాత షేర్వానీ గుడ్డలో చుట్టి, పైన దుప్పటి చుట్టి,
నవారు తాడుతో కట్టిన పొడుగాటి మూట.
బల్ల మీద ముందు లైసెన్సు పుస్తకం పెట్టింది,
తర్వాతే తుపాకీ.
"వాజిబు ధర చెప్పు బేటా.
ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆ రెంటి మధ్య సందులోనే
ముప్పై ఏళ్లుగా నా కాపురమని చెప్పలేదు.
దీపం దగ్గరికి లాక్కున్నాను.

మార్టినీ. మీట కింద ఉండే రకం.
ముందు అక్షరాలు చూడాలి.
దొంగ కొలిమిలో చదువురాని కమ్మరి
ఎన్ అక్షరాన్ని తిరగేసి చెక్కుతాడు.
ఇక్కడ తిరగబడలేదు.
కిరీటం అరిగింది గానీ ఉంది.
గొట్టం మీద ఒక నంబరు, మీట మీద ఇంకొకటి:
ఎక్కడో దారిలో దీనికి మారుమనువు జరిగింది.
పావు వంతు పోయింది.

ఉక్కు మాత్రం కొత్త గిన్నెలా మెరుస్తోంది.
"ఎవరు తోమారమ్మా?"
"నేనే. ఏటా మొహర్రం ముందు
ఇంట్లో ఇత్తడంతా దించినప్పుడు
దీన్నీ దించేదాన్ని. చింతపండు, బూడిద."

నూటయాభై ఏళ్లు కూర్చుని పట్టిన గోధుమరంగు పొర.
కొనేవాడు డబ్బిచ్చేది దానికే.
ఆమె దాన్ని మురికి అనుకుంది.
నలభై ఏళ్ల రెక్కల కష్టాన్ని
తీసివేతల గడిలో ఎలా రాయను?
"కొంచెం ఎక్కువ శుభ్రంగా ఉంది" అన్నాను.
మెచ్చుకున్నాననుకుని కొంగు సర్దుకుంది.

గొట్టంలోంచి కిటికీని చూశాను.
లోపలి మెలికలు నిన్న కోసినంత పదును.
"ఎప్పుడైనా పేల్చారా?"
"ఆయనా? షబేబరాత్ పటాకులకే చెవులు మూసుకునేవాడు!
జంగ్లాత్ దఫ్తర్‌లో గుమాస్తా.
గోడకి మేకు ఖాళీగా ఉందని
హరాజ్‌లో పాడుకొచ్చాడు."

ఇక కర్ర.
మడమ దగ్గర వరసగా ఇరవై మూడు గాట్లు.
పొద్దున్నే ఫొటో చూసిన హోటలాయన
బంజారాహిల్స్ నుంచి ఫోన్ మీద ఫోన్:
"పులికొక గాటు కదా విరూపాక్షం గారూ?
గాటుకి పదివేలు. లాబీలో పెడతాను.
పులి అని ఒక్క మాట రాసివ్వండి చాలు."

అడిగాను.
ఆమె నవ్వింది, పళ్లు లేని వైపుకి దుపట్టా అడ్డం పెట్టుకుని.
"ఎలక్షన్లొస్తే ఠాణాలో జమ చేయాలి కదా.
ఆ నెలా నెలన్నరా మేకు వంకే చూసేవాడు.
తిరిగి ఇంటికొచ్చిన రోజు చాకుతో ఒక గాటు.
చివరిది నాది. వంకర పోయింది చూడు."

నాకు పని నేర్పిన దస్తగీర్ ఉస్తాద్ అనేవాడు,
సరుకుతో పాటు కథ కూడా వస్తే
కథకి వేరే బిల్లు రాయమని.
కాగితం తీశాను.
'గాట్లు: ఇరవై మూడు. పులులు: లేవు.'
కింద అంకె వేశాను.
రెండు లక్షల ముప్పై వేలు నా కలంలోనే ఉండిపోయాయి.

ఆమె అంకెని వేలితో తడిమి, బేరమాడకుండా
సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
"జమ రసీదులు. నీకు పనికొస్తాయా?"

పసుపెక్కిన కాగితాలు, ఠాణా ముద్రలు.
ఏ కానిస్టేబులో నాలుక బయటపెట్టుకుని
ప్రతి దాని మీదా పొందిగ్గా దించిన గొట్టం నంబరు.
అరవై ఏళ్లు ఎక్కడుందో తేదీలతో సహా.
ఇలాంటి సాక్ష్యం నా చేతికి ఇంతవరకూ రాలేదు.
అంకె కొట్టేసి, పైన ఇంకో అంకె వేశాను.
"అమ్మా, వీటితో కలిపితే ధర ఇదీ."

ఆమె పాత అంకెనీ కొత్త అంకెనీ చూసింది.
డబ్బా మూత నొక్కింది, టప్‌మని.
"అయితే ఇవి అమ్మను" అంది.
"తుపాకీ వరకే చెప్పు."